విఠల్‌రావు సారుకు అంటగట్టిన నా దగ్గు

నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు కూడా మునగనివి బాన్సువాడలో కొన్ని ఉండేవి. వాటిలో నా పరువు ఒకటి. అది చుక్క వాన లేని ఒక సాయంత్రం, షామియానా కింద, మైకు సాక్షిగా మునిగింది. గజ ఈతగాళ్ళను దింపినా దొరికే లోతు కాదది. ఆ మునక సంగతి ఇప్పుడు చెప్పబోతున్నాను. మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు అక్కడ నవ్వినవాళ్ళతో పోలిస్తే మీరెంత నవ్వినా మర్యాదగా నవ్వినట్టే లెక్క.

తొంభైల చివరి రోజులు. బాన్సువాడలో ఒక ప్రైవేటు హైస్కూలుకు నేను ప్రిన్సిపల్‌ని. ఆగండి, అబద్ధం ఎందుకు, ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపల్‌ని. గది ముందు బోర్డు మీద 'ప్రిన్సిపల్' అన్న మాట పెద్దదిగా, దాని ముందు 'ఇన్‌ఛార్జ్' అన్న మాట చిన్నదిగా రాసి ఉండేది. చూసేవాళ్ళందరికీ పెద్ద మాట కనబడేది. నాకు మాత్రం ఆ చిన్న మాటే డిపోలోంచి బయటికొచ్చే ఎర్రబస్సంత కనబడేది. పెళ్ళిపందిట్లో బాసికం కట్టించుకుని, తాళి మాత్రం 'తర్వాత చూద్దాం లే' అనిపించుకున్న వరుడి బతుకు నాది.

నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారు విఠల్‌రావు సారు. తెల్లని బట్టలు, మెత్తని మాట, చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. ఆయన రిటైరై వెళ్ళాక ఆ కుర్చీ నాకొచ్చింది. రెండో ఏడు నడుస్తోంది, 'ఇన్‌ఛార్జ్' మాత్రం కదలడం లేదు. దాన్ని కదిలించగలవాడు ఒక్కడే: కరస్పాండెంట్ గంగారెడ్డి పటేల్. బీర్కూర్ వైపు వరి, చెరుకు పండించే పెద్దరైతు. పొలానికి నీళ్ళు పెట్టినంత శ్రద్ధగా బడి పెట్టిన మనిషి. భుజం మీద తువాల లేకుండా ఆయన్ని చూసినవాడు ఊళ్ళో లేడు.

ఆ ఏడు ఆగస్టులో ఆయన్ని ధైర్యం చేసి అడిగాను. "పటేల్ సాబ్, బోర్డు సంగతి..."

"ఎర్కనే సారూ," అన్నాడు. "టీచర్ల పండుగ నాడు విఠల్‌రావు సారును పిలుస్తున్న. బడి ఎట్ల నడుస్తుందో ఆయన పొద్దంత చూస్తడు. ఆయన సరే అంటే తెల్లారి పెయింటర్‌ను పిలిపిస్త. కాదంటే గట్లనే ఉంటది. నాకు బడి సంగతి ఏం తెలుస్తది? నాకు తెలిసింది చెరుకు."

అంటే నా తలరాత పెయింటర్ చేతిలో, ఆ పెయింటర్ పటేల్ చేతిలో, ఆ పటేల్ విఠల్‌రావు సారు నాలుక చివర ఉన్నారన్నమాట. ఇంత స్పష్టంగా తెలిసి కూడా నేను ఏం చేశానో చూడండి.

సరిగ్గా ఆ నెలలోనే ప్రిన్సిపాళ్ళకు నిజామాబాద్‌లో శిక్షణ పెట్టారు. శిక్షణ ఇచ్చినాయన బ్రహ్మాండమైన మనిషి. "బడిలో పిల్లలొక్కరే కాదు, బడి మొత్తం నేర్చుకోవాలి. దానికి ముందు ప్రిన్సిపల్ తానెవరో తాను తెలుసుకోవాలి," అన్నాడు. నా ఒళ్ళు పులకరించింది. ఎలా తెలుసుకోవాలో మాత్రం ఆయన భోజనాల తర్వాత చెప్పాడట. భోజనంలో బిర్యానీ పెట్టారు. ఆ బిర్యానీకీ నా కనురెప్పలకూ కుదిరిన ఒప్పందం వల్ల, 'తెలుసుకోవాలి' అన్నంతవరకే నేను బాన్సువాడకు తెచ్చుకోగలిగాను. ఎలాగన్నది నిజామాబాద్‌లోనే ఉండిపోయింది.

అయినా నాకు అంత అవసరం కనబడలేదు. నేనెవరో నాకు తెలియదా? నా లెక్కలో నేను నడకలో సింహాన్ని, నిర్ణయంలో మెరుపును, ఎదుటివాళ్ళ మాట వినడంలో చెవులపిల్లిని. ఇన్ని జంతుజాలాలు ఒక్క ప్రిన్సిపల్‌లో కుదరడం అరుదు కదా అని నాకు నేనే ముచ్చటపడేవాణ్ణి.

ఇంటికొచ్చి గుమ్మంలో అడుగుపెట్టానో లేదో, మా ఆవిడ విజయ ఎగాదిగా చూసింది.

"ఏందయ్యా, నిజామాబాద్‌ల శిక్షణ ఇచ్చిన్రా, శాలువా కప్పిన్రా? నడకే మారింది."

"నన్ను నేను తెలుసుకున్న విజయా."

"గట్లనా? తెలుసుకున్నోనివి గా తడి తువాల మంచం మీద వేయొద్దని గూడ తెలుసుకో, పో."

చూశారా, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో ఆ అవకాశం లేదని తేలిపోయింది కాబట్టి నేను నేరుగా రచ్చకే వెళ్ళాను.

మరునాడే టీచర్ల మీటింగ్ పెట్టాను. "ఇక నుంచి మనది నేర్చుకునే బడి. ఎవరైనా సరే, నిర్భయంగా నన్ను విమర్శించవచ్చు. నేను చిరునవ్వుతో స్వీకరిస్తాను," అని ప్రకటించాను. అప్పుడు లెక్కల మాస్టారు హమీద్ భాయ్ లేచాడు. బడిలో అందరికంటే సీనియర్, మనసులో మాట మనసులో దాచడం చేతకాని మనిషి.

"ఏం అనుకోకుండ్రి సార్, మన మీటింగులు జర లంబా అయితున్నయ్. బీర్కూర్ బస్సు పోతుంది, పిట్లం బస్సు పోతుంది, మేం ఈడనే ఉంటున్నం."

నేను చిరునవ్వుతో స్వీకరించాను. స్వీకరించి, మన మీటింగులు ఎందుకు లంబాగా ఉండవో ఉదాహరణలతో సహా వివరించాను. నా వివరణ ముగిసేసరికి వర్ని బస్సు కూడా పోయింది. ఆ తర్వాత నన్ను ఎవరూ విమర్శించలేదు. విమర్శించడానికి ఏమీ మిగల్లేదు కాబట్టే అని నేను సంతోషించాను.

అక్కడితో ఆగానా? వడ్రంగితో ఒక టేకు డబ్బా చేయించి, 'సూచనల పెట్టె' అని రాయించి, వరండాలో తగిలించాను. దానికి నా పిడికిలంత తాళం. పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు తమ మనసులోని మాట కాగితం మీద రాసి అందులో వేయవచ్చు. మరి తెరిచి చూశారా అని మీరు అడగబోతున్నారు. తెరిస్తే మన సంస్థ మీద మనకే నమ్మకం లేనట్టు కాదా! అంత నీతిమాలిన పని నేను చేయలేదు.

ఇక టీచర్ల పండుగ. మీరు బడిలో చదువుకున్నవాళ్ళే కాబట్టి స్వయం పరిపాలన దినోత్సవం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఆ రోజు పదో తరగతి పిల్లలే టీచర్లు. ఆడపిల్లలు వాళ్ళమ్మల చీరలు కట్టుకుని, మగపిల్లలు వాళ్ళన్నల ప్యాంట్లు తొడుక్కుని కింది తరగతులకు పాఠాలు చెబుతారు. ఒకరు ప్రిన్సిపల్ అవుతారు. సాయంత్రం స్టేజీ మీద నాటికలుంటాయి. ఆ ఏడు ప్రిన్సిపల్ పాత్రకు మంజుల అనే పిల్లను ఎంచాను. పదో తరగతి. సన్నగా, నెమ్మదిగా ఉండేది. పెద్ద పెద్ద కళ్ళు. ఆ కళ్ళతో ఆమె ఏం చేస్తుందో అప్పుడు నాకు తెలియదు.

ఆమెను పిలిచి చెప్పాను. "మంజులా, వారం రోజులు నా గది దగ్గరే ఉండు. ప్రిన్సిపల్ అంటే ఎలా ఉంటాడో నన్ను చూసి నేర్చుకో. సాయంత్రం నాటిక కూడా నువ్వే వేయాలి. ఏదీ వదిలిపెట్టకు."

"ఏదీ వదిలిపెట్టద్దా సార్?"

"ఏదీ!"

"సరే సార్," అంది. ఆ పిల్ల చేసిన తప్పల్లా నా మాట వినడమే.

ఆ రోజు వచ్చింది. విఠల్‌రావు సారు పొద్దున్నే గొడుగుతో దిగారు. పొద్దంతా తరగతులన్నీ తిరిగారు. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కాలు చెబుతున్న పిల్లలను చూసి మురిశారు. నన్ను చూసి, "బాగుంది తమ్మీ, బడి కళకళలాడుతుంది," అన్నారు. నా చెవికి ఆ మాట పెయింటర్ బ్రష్షు గరగరలా వినబడింది. సాయంత్రానికల్లా బోర్డు మీద 'ఇన్‌ఛార్జ్' తుడిచేసినట్టే!

షామియానా కింద ముందు వరసలో మూడు కుర్చీలు వేశాం. నడుమ గంగారెడ్డి పటేల్, ఒకవైపు విఠల్‌రావు సారు, ఇంకోవైపు నేను అని ముందు అనుకున్నది. కాని సారు చెవికి దగ్గరగా ఉండాలని నేనే నడుమ కూర్చున్నాను. వెనక టీచర్లు, ఆ వెనక తల్లిదండ్రులు, చుట్టూ పిల్లలు. అనౌన్సరు అమ్మాయి, "ఇప్పుడు మంజుల బృందం వేసే నాటిక, ప్రిన్సిపల్ గారి ఒక రోజు!" అని అరిచింది.

తెర లేచింది. స్టేజీ మీద ఎవరూ లేరు. లోపల్నుంచి ఒక దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు, "ఖుహూం... ఖుహూం" అని రెండు వాయిదాల దగ్గు. స్టేజీ పక్కన కబుర్లు చెబుతున్న పిల్ల టీచర్లు గబగబా పుస్తకాలు తెరిచారు. మళ్ళీ "ఖుహూం!" అప్పుడు, దగ్గు వచ్చిన కాసేపటికి, దాని వెనక మనిషి వచ్చాడు. మంజుల! ప్యాంటు, చొక్కా, చేతులు వెనక్కి కట్టి, పొట్ట కొంచెం ముందుకు పెట్టి, బాతు చెరువులోకి దిగబోతూ ఆలోచించుకుంటున్నట్టు నడుస్తోంది.

షామియానా ఘొల్లుమంది.

నేనూ నవ్వాను. నవ్వుతూ ఆలోచించాను. ఎవరిదబ్బా ఈ నడక? నాది కాదు. నాది సింహం నడక అని ముందే మనవి చేసుకున్నాను. ఈ దగ్గు నాదా? ఛ, నేను గొంతు సవరించుకుంటానే తప్ప దగ్గను. మరి ఈ బడికి ఇంకో ప్రిన్సిపల్ ఎవరు? చటుక్కున వెలిగింది. విఠల్‌రావు సారు! నన్ను అనుకరించడం పదో తరగతి పిల్లకు సాధ్యమయ్యే పనా? గౌరవం కొద్దీ నన్ను వదిలేసి, తేలికగా ఉంటుందని పాత సారును పట్టుకుంది పాపం.

ఆ క్షణం నుంచీ నాకు నవ్వు ఆగితే ఒట్టు.

స్టేజీ మీద ప్రిన్సిపల్ గోడ గడియారం చూశాడు. తన చేతి గడియారం చూసుకున్నాడు. అటూ ఇటూ చూసి, కుర్చీ ఎక్కి, గోడ గడియారాన్ని వెనక్కి తిప్పి, "గోడ గడియారం ముందు నడుస్తున్నది. ప్రిన్సిపల్ ఎన్నడు ఆలస్యంగ రాడు," అన్నాడు.

నేను విఠల్‌రావు సారు భుజం తట్టాను. "సార్, మస్తు పట్టేసింది మిమ్మల్ని!"

ఆయన కళ్ళద్దాలు సవరించుకున్నారు. "నన్నా? నేను గడియారం తిప్పేటోన్నా తమ్మీ?"

"పాత రోజులు సార్. ఏం ఫికర్ చేయకండి."

స్టేజీ మీద ఒక టీచరు వచ్చింది. "సార్, చాక్‌పీసులు ఒడిసినయ్."

"చూద్దాం."

"సార్, ఏడో తరగతిల పైకప్పు కారుతుంది."

"చూద్దాం."

"సార్, ఒక పిలగాడు ప్రహరీ గోడ మీదికెల్లి పడ్డడు!"

"అవునా? మీటింగ్ పెడదాం." ప్రిన్సిపల్ అందరినీ కూర్చోబెట్టాడు. "ఈ విషయంల మీ అందరి అభిప్రాయం కావాలె. నిర్భయంగ చెప్పుండ్రి." టీచర్లు నోరు తెరిచారు. తెరిచిన నోళ్ళు మూయకముందే, "అందరు ఒప్పుకున్నందుకు థ్యాంక్స్," అని ప్రిన్సిపల్ దండం పెట్టాడు. "సార్, మరి గోడ మీదికెల్లి పడ్డ పిలగాడు?" అని ఒకామె అడిగితే, "వాడు ఈ పాటికి లేచి ఇంటికి పోయుంటడు. సమస్యలు వాటంతట అవే లేస్తయ్," అన్నాడు.

వెనక హమీద్ భాయ్ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి, రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను వెనక్కి తిరిగి, "చూశావా హమీద్ భాయ్, మనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో!" అన్నాను. ఆయన చూపు ఎప్పటికీ మరిచిపోలేను. పెట్రోలు పోస్తున్న చోట బీడీ ముట్టించుకోబోతున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

"సార్... జర చుప్ ఉండుండ్రి సార్," అన్నాడు సన్నగా.

నేను వినలేదు. చెవులపిల్లిని కదా.

ఇంతలో ప్రిన్సిపల్ అట్టతో చేసిన ఒక డబ్బా దగ్గరికి వెళ్ళాడు. దానికి పిడికిలంత తాళం. డబ్బాను రెండు చేతులతో తీసి చెవి దగ్గర పెట్టుకుని, కాయ పండిందో లేదో చూసే కర్బూజలాగా ఊపాడు. "చప్పుడు వస్తలేదు. అంటే అందరు ఖుషీగ ఉన్నరు," అని మళ్ళీ తగిలించాడు.

పాఠకులారా, ఈ డబ్బా దగ్గరైనా నాకు తెలివి రావలసింది. డబ్బా తగిలించింది నేను. తాళం కొన్నది నేను. రోజూ మధ్యాహ్నం దాన్ని ఊపేది నేను. కాని మనిషి తన మీద పెంచుకున్న అభిమానం ఎంత గొప్పదంటే, కళ్ళ ముందు అద్దం పెట్టినా, 'ఎవర్రా ఈ అందగాడికి అడ్డంగా నిలబడ్డది' అంటుంది.

విఠల్‌రావు సారు నా వైపు వంగారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. "తమ్మీ, గా డబ్బా నాకు యాదికి వస్తలేదు."

"వయసు సార్. మరిచిపోతారు."

"అంతేనా..." అన్నారాయన. గొడుగు పిడి మీద వేళ్ళు అటూ ఇటూ తిప్పారు. "ఇన్నేండ్లు బడి నడిపిన. గింత ఘోరంగ నడిపిననా? పిల్లలు నన్ను గిట్లనే చూసిన్రా?"

ఇప్పుడు తలుచుకుంటే నాకు నేలలోకి దిగిపోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం, శిక్షణ పొందిన ప్రిన్సిపల్‌గా, ఆయనను ఓదార్చాను. "సార్, తనను తాను తెలుసుకోవడానికి వయసు అడ్డు కాదు," అన్నాను.

గంగారెడ్డి పటేల్ మాత్రం నవ్వడం లేదు. స్టేజీని ఒకసారి, నన్ను ఒకసారి చూస్తున్నాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసే చూపు.

నాటిక అయిపోయింది. చప్పట్లు. ఇక్కడ బుద్ధున్నవాడైతే కూర్చునేవాడు. నేను లేచి స్టేజీ ఎక్కాను. మైకు అందుకున్నాను.

"ఖుహూం... ఖుహూం," అన్నాను. జనం ఎందుకో ఘొల్లుమన్నారు. "సభకు నమస్కారం. చిరంజీవి మంజుల అద్భుతంగా నటించింది. కాని ఒక చిన్న లోపం. నడక ఇంకా కుదరలేదు. ఎలా నడవాలో నేను చూపిస్తాను."

చేతులు వెనక్కి కట్టాను. పొట్ట ముందుకు పెట్టాను. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. నడిచి, మళ్ళీ తిరిగి వచ్చాను. నేను పాత సారును అనుకరిస్తున్నానని నాకు అనిపించింది కాని, ఎక్కడా శ్రమ పడినట్టు అనిపించలేదు. ఎంత సహజంగా వస్తోందో! నాలో ఇంత పెద్ద నటుడున్నాడని నాకే తెలియదు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. టీచర్లు చీర కొంగులు, రుమాళ్ళు, దొరికినవి దొరికినట్టు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో తల్లి పసిపిల్లను పక్కామెకు ఇచ్చేసి మరీ నవ్వింది.

"వన్స్ మోర్!" అని అరిచారు వెనక నుంచి. మళ్ళీ నడిచాను.

చివరికి నా జేబులోని పెన్ను తీసి మంజుల చేతిలో పెట్టి, మైకులో అన్నాను. "మన బడి ఒకప్పుడు ఎలా ఉండేదో ఈ బిడ్డ కళ్ళకు కట్టింది. మన పాత ప్రిన్సిపల్ విఠల్‌రావు సారును అచ్చు గుద్దినట్టు దింపినందుకు ఈ బహుమతి!"

షామియానా ఒక్కసారి చల్లారింది. పొయ్యి మీద చెంబెడు నీళ్ళు పోసినట్టు. ఎక్కడో జనరేటరు మాత్రం కొట్టుకుంటోంది. మంజుల పెన్ను చేతిలో పట్టుకుని, నన్ను, ముందు వరసలో తల దించుకున్న పెద్దాయనను మార్చి మార్చి చూసింది. ఆ పెద్ద కళ్ళలో నీళ్ళు.

"సార్, గా సారు ఎట్లుంటరో నాకెట్ల తెలుస్తది సార్? నేను గా సారును ఇయ్యాలనే చూస్తున్న."

మైకు ఇంకా నా చేతిలోనే, ఆమె నోటి దగ్గరే ఉంది.

"అదేంది?" అన్నాను.

"నేను పోయిన ఏడు పిట్లం కెల్లి వచ్చి తొమ్మిదిల చేరిన సార్. అప్పటికే మీరే ఉంటిరి."

"మరి... నువ్వు చేసింది?"

ఆ పిల్ల తల వంచుకుని, ఏడుపు గొంతుతో, కాని మైకులో స్పష్టంగా అంది. "మీరే అన్నరు గద సార్, ఏదీ వదిలిపెట్టద్దని."

ఆ తర్వాత వచ్చిన నవ్వు మంజీర అవతల దాకా వినబడిందని చెబుతారు. నాకు వినబడలేదు. నాకు కనబడింది ఒక్కటే. ముందు వరసలో విఠల్‌రావు సారు లేచి నిలబడ్డారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. స్టేజీ దగ్గరికి వచ్చి మంజుల తల మీద చెయ్యి పెట్టి, "బతికించినవ్ బిడ్డా! ఇయ్యాల ఇంటికి పోయి అన్నం తింటనో తిననో అనుకున్న," అన్నారు. అని, నా వైపు తిరిగి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయనంత గట్టిగా నవ్వగలరని ఆ బడి అన్నేళ్ళలో తెలుసుకోలేదు.

నాటికలయ్యాక ఆఫీసు గదిలో పంచాయతీ. పటేల్ అడిగాడు. "ఏమంటవ్ విఠల్‌రావు సారూ? బోర్డు సంగతి?"

నేను నేల చూపులు చూస్తున్నాను. వెళ్ళి వెళ్ళి ఏ మనిషి నాలుక చివర నా రాత ఉందో, ఆ మనిషినే మైకులో దంచాను. ఆయన ఏమన్నా అనవచ్చు. అంటే తప్పు కూడా కాదు.

ఆయన చాయ్ ఊదుకుంటూ అన్నారు. "మనిషి మంచోడే పటేలా. పిల్లలు ఆయన ముంగటనే ఆయన వేషం గట్టగలిగిన్రంటే, భయం లేని బడి. గిది చిన్న సంగతి కాదు. నన్ను చూసి పిల్లలు గట్ల ఎన్నడు చేయలే, నేనే చేయనియ్యలే. కాని ఇంకో ఏడాది ఇన్‌ఛార్జ్‌గనే ఉండనీ."

"ఎందుకు సార్?" అన్నాను నీరసంగా.

"నీకు నువ్వు ఇంకా పరిచయం కాలేదు తమ్మీ."

ఆ ఏడాది నేను పడ్డ తపస్సు పగవాడికి కూడా వద్దు. మొదట డబ్బా తెరిచాను. కాగితాలు దట్టంగా కూరుకుపోయి ఉన్నాయి. చప్పుడు రానిది ఖాళీగా ఉండి కాదు, కదలడానికి చోటు లేక! తర్వాత దగ్గు మీద యుద్ధం ప్రకటించాను. వరండాలో వస్తుంటే గొంతులోకి అది వచ్చేది, నేను మింగేవాణ్ణి. అది ఎక్కిళ్ళుగా బయటికి వచ్చేది. 'చూ...' అని నోరు తెరిచి, '...స్తున్నాను, ఇప్పుడే చూస్తున్నాను' అని ముగించి, చాక్‌పీసుల కోసం నేనే బజారుకు పరుగెత్తేవాణ్ణి. మా ఆవిడ చూసి చూసి, "ఏమయ్యా, నడుస్తుంటె మాటిమాటికి కాళ్ళు జూసుకుంటున్నవ్, గొంతుల ఏదో మింగుతున్నవ్. దవాఖానకు పోదాం పా," అని పోరుపెట్టింది.

మళ్ళీ టీచర్ల పండుగ వచ్చింది. ఈసారి పదో తరగతిలో రాజు అనే పిల్లాడి నాటిక. 'మన బడి పెద్ద' అని పేరు. నేను కిందటి రాత్రే నిశ్చయించుకున్నాను. ఈసారి మోసపోను. స్టేజీ మీద ఎవరు నవ్వులపాలైతే వాళ్ళే నేను. ఒకరు చెప్పేదాకా ఆగను. అద్దంలోకి నేనే ముందు దూకుతాను.

ముందు వరసలో గంగారెడ్డి పటేల్, పక్కన విఠల్‌రావు సారు, వాళ్ళ పక్కన నేను. తెర లేచింది. రాజు వచ్చాడు. ఒక తరగతిలోకి దూరి, "ఖాళీ గదిల ఫ్యాను ఎందుకు తిరుగుతుంది? బంద్ చేయుండ్రి!" అన్నాడు. ఇంకో తరగతిలోకి దూరి, "నిండ పిల్లలున్న గదిల ఫ్యాను ఎందుకు? గంత మంది ఊపిరి పీలుస్తుంటె గాలి ఆడుతలేదా? బంద్ చేయుండ్రి!" అన్నాడు.

జనం నవ్వబోయి, ముందు వరస వైపు చూసి, ఎందుకో నవ్వు మింగేశారు. రాజు ముఖం పాలిపోయింది. నేను ఇక ఆగలేదు. దిగ్గున లేచి, చేతులు జోడించి, అందరికీ వినబడేలా అన్నాను.

"ఒప్పుకుంటున్నాను! అది నేనే! నాలోని ఈ లోపాన్ని చూపించినందుకు ఈ బిడ్డకు కృతజ్ఞుణ్ణి. రేపటి నుంచి ఈ బడిలో ప్రతి ఫ్యానూ తిరుగుతుంది!"

రాజు, "సార్, అది మీరు కాదు సార్, అది..." అనబోయాడు. హమీద్ భాయ్ వెనక నుంచి మెరుపులా వచ్చి మైకు తీగ లాగేశాడు. పిల్లాడి పెదవులు కదిలాయి, మాట వినబడలేదు.

అప్పుడు చూశాను. రాజు భుజం మీద ఒక తువాల ఉంది. నేను తువాల వేసుకోను. మెల్లగా పక్కకు తిరిగాను. గంగారెడ్డి పటేల్ ఎర్రగా కందిపోయిన ముఖంతో ఒకసారి స్టేజీ మీది తువాలను చూశాడు, ఒకసారి తన భుజాన్ని చూసుకున్నాడు. చప్పుడు చేయకుండా తన తువాలను భుజం మీంచి జార్చి, మడిచి, కుర్చీలో వేసి దాని మీద కూర్చున్నాడు. కాసేపటికి ముఖంలో రంగు సర్దుకుంది. లేచి, గొంతు పెంచి అన్నాడు.

"చూసిన్రా? మనిషంటె గట్లుండాలె! నిరుడు తనది తనకు తెల్వలే. ఇయ్యాల ఎవ్వరు చెప్పకముందే ఒప్పుకున్నడు. తనను తాను తెలుసుకున్నడు. నాకు గిసొంటి ప్రిన్సిపలే గావాలె!"

విఠల్‌రావు సారు గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. గొడుగు అంచు మాత్రం గడగడలాడుతోంది.

తెల్లారేసరికి పెయింటర్ వచ్చాడు. 'ఇన్‌ఛార్జ్' పోయింది. బడిలో ఫ్యాన్లన్నీ తిరిగాయి, పటేల్ వస్తే మాత్రం కాస్త నెమ్మదిగా తిరిగేవి. ఈ విధంగా, నన్ను నేను గుర్తుపట్టనందుకు పోగొట్టుకున్నదాన్ని, ఇంకొకరిని చూసి నేననుకున్నందుకు సంపాదించాను. శిక్షణలో బిర్యానీ తర్వాత చెప్పింది ఇదేనేమో, నాకు తెలియదు.

ఆ రోజు కొత్త బోర్డు ముందు ఒంటరిగా నిలబడి, దాని మీద కుడిచెయ్యి గట్టిగా ఆనించి, త్రికరణశుద్ధిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ స్టేజీ మీద ఎవరు ఎవరిని ఆడించినా, అనౌన్సరు పేరు చెప్పేదాకా నేను నవ్వను, లేవను, ఒప్పుకోను. ప్రమాణం చేసి చెయ్యి తీసి చూసుకుంటే, సగం 'ప్రిన్సిపల్' నా అరచేతికి వచ్చేసింది. రంగు ఆరలేదని చెప్పడానికి పెయింటర్ అప్పుడే చాయ్ తాగి వస్తున్నాడు.